జిప్పులక్క తప్పు

ఆ వీధిలో జిప్పు ఊడితే ఎవరూ కంగారు పడరు, జిప్పులక్క దగ్గరికి వెళతారు. మెట్ల కింద గది ఆమె దుకాణం. తల తగిలే వైపు బట్టలు వేలాడతాయి, తగలని వైపు ఆమె, ఆమె మిషను ఉంటారు. ప్యాంటు పొట్టి చేయడం, జాకెట్టు వదులు చేయడం, సంచికి పట్టీ వేయడం అన్నీ చేస్తుంది కానీ పేరు మాత్రం జిప్పుల మీదే వచ్చింది. ఇరుక్కుపోయిన జిప్పును చూపుడువేలితో ఒక్కసారి తడిమి, "కింది నుంచి ఏడో పన్ను వంగింది" అని చెప్పేస్తుంది. మనుషుల విషయంలో అంత చనువు లేదు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

పక్క గది సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయనది. యాభై దాటినవాడు, కంటికి భూతద్దం బిగించుకుని పనిచేస్తాడు. వీధంతా ఆయన్ని సెల్లు బాబాయ్ అంటుంది. ఫోను బాగయ్యాక స్పీకరు పలుకుతోందో లేదో చూడటానికి ఆయన ఒక పాట పెడతాడు. పదేళ్ళుగా ఒకటే పాట. అది వినీ వినీ జిప్పులక్కకి, అది మోగితే ఒక ఫోను బతికిందని అర్థమయ్యే స్థితి వచ్చింది.

ఒక మంగళవారం పొద్దున ఆ పాట మారింది.

ముందు ఆడగొంతు ఒక్కటే వచ్చింది. వాయిద్యం ఏదీ లేకుండా, పిల్లను జోకొడుతున్నట్టు.

"కాటికెళ్ళే చిన్నదానా, కడవ దించి పోవే
చీకటి పడితే దారిలోన నీ నీడ నీకు లేదే..."

ఆ వెనకే సన్నగా టకటకమని ఒక మోత మొదలై గోడల్లోకి పాకింది. అంతలో ఇనప బీరువా మెట్ల మీంచి దొర్లినట్టు గిటార్లూ డ్రమ్ములూ విరుచుకుపడ్డాయి. అంత గోలలోనూ ఆ గొంతు అదే జోలపాట పాడుతూనే ఉంది.

జిప్పులక్క కాలు పెడలు మీద ఆగిపోయింది. సూది గుడ్డలో సగానికి దిగి అక్కడే ఉండిపోయింది.

"అమ్మాయ్, విన్నావా?" గోడ అవతలి నుంచి బాబాయ్ కేకేశాడు. "మీ గబ్బిలానిదే కదా ఇది! గుసగుసా ఉంది, పిడుగూ ఉంది. స్పీకరు మంచిదో కాదో ఒక్క పాటతో తేలిపోతుంది. ఇకమీదట మన దుకాణానికి ఇదే పాట."

"సౌండు తగ్గించు బాబాయ్. కుట్టు వంకర పోతోంది."

"నీ కుట్టా? వంకరా?" అని నవ్వాడు బాబాయ్. సౌండు మాత్రం తగ్గించలేదు.

గబ్బిలం జిప్పులక్కకి పిన్ని కూతురు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. కింద రెండు గదులు జిప్పులక్క వాళ్ళవి, పైన పిన్ని వాళ్ళవి, ఆ పైన అటక. చిన్నప్పటి నుంచీ అటకెక్కి మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది కాబట్టి గబ్బిలం అయింది. పదిహేనేళ్ళు వచ్చాక నలుపు తప్ప వేరే రంగు కట్టనంది. "ఇంట్లో అందరం బతికే ఉన్నాం కదే, ఎవరి కోసమే ఆ నలుపు?" అని పిన్ని రోజూ మొత్తుకునేది. "ముందుజాగ్రత్తమ్మా" అనేది గబ్బిలం.

ఆ పాట మాత్రం అమ్మమ్మది. అమ్మమ్మకి ముందు పళ్ళు రెండు లేవు. ఆ సందులోంచి గాలి పోతూ పోతూ సగం అక్షరాలను వెంట తీసుకుపోయేది. ఆమె పాడింది "కాటుక కళ్ళ చిన్నదానా" అని. కళ్ళకు కాటుక పెట్టుకున్న అందమైన పిల్లా, కాసేపు కడవ దించి సేదతీరి పో అని. తొమ్మిదేళ్ళ జిప్పులక్క చెవికి అది "కాటికెళ్ళే చిన్నదానా" అని చేరింది. ఒక చిన్న పిల్ల నెత్తి మీద కడవతో శ్మశానానికి నడిచి వెళుతోంది. ఎందుకు వెళుతోందో తెలియదు. దారిలో నీడ కూడా వదిలేసింది. ఆ పిల్లను తలుచుకుని రెండు రోజులు సరిగా నిద్రపోలేదు. మూడో రోజు పైకే పాడింది.

"ఛీ, నోరు కడుక్కోవే!" అంది అమ్మమ్మ. "పిల్ల కళ్ళు బాగున్నాయని నేను పాడుతుంటే దాన్ని కాటికి పంపుతావా?" తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. జిప్పులక్క మెట్ల కిందికి పోయి కూర్చుంది.

నవ్వనిది గబ్బిలం ఒక్కతే. అప్పటికి దానికి మూడేళ్ళు. ఆ రోజు నుంచీ అమ్మమ్మ కాటుక పాట పాడితే పడుకునేది కాదు. "అది కాదు, అక్క పాట" అని కాళ్ళు కొట్టుకునేది. జిప్పులక్క దుప్పటి కప్పి, ఎవరికీ వినపడకుండా, దాని చెవిలో తన తప్పు పాట పాడేది. కాటికెళ్ళే పిల్ల నాలుగడుగులు వేసేలోగా గబ్బిలం నిద్రపోయేది.

తర్వాత ఎవరి దారి వాళ్ళదయింది. తొమ్మిదో తరగతి మధ్యలో, బట్టలు కుట్టే నాన్న నడుము పట్టేసి మంచమెక్కితే, మిషను ఆగకూడదని జిప్పులక్క దాని ముందు కూర్చుంది. మూడు నెలలకు నాన్న లేచాడు. ఆమె లేవలేదు. గబ్బిలం కాలేజీకి వెళ్ళింది, గిటారు కొనుక్కుంది, కంప్యూటర్‌లో పాటలు కట్టడం నేర్చుకుంది, వేరే చోట ఇల్లు తీసుకుంది. ఇప్పుడు ఆల్బమ్ తెచ్చింది. ఎనిమిది పాటలు. అట్ట మీద నల్ల గౌనులో, వీపు చూపిస్తూ నిలబడి ఉంది. పైన ఆల్బమ్ పేరు: కాటికెళ్ళే చిన్నదానా.

ఆ మధ్యాహ్నం జిప్పులక్క తలుపు సగం వేసి, ఫోనులో ఎనిమిది పాటలూ విన్నది. బాగుండకూడదని మనసారా కోరుకుంటూ విన్నది. రెండో పాటలో గబ్బిలం ఊపిరి తీసుకునే చప్పుడు వినిపిస్తే, "దొరికింది" అనుకుంది. ఐదో పాట సాగదీసినట్టుంది. ఏడోది వింటే తలనొప్పి వచ్చేలా ఉంది. అలా ఏరి ఏరి పట్టుకున్న తప్పులన్నీ, మొదటి పాట మళ్ళీ వినేసరికి ఎటో పోయాయి. ఒళ్ళు గగుర్పొడిచింది. అది బాగుంది. అదే అసలు మంట.

మూడోసారి విన్నప్పుడు ఆ టకటక పట్టుబడింది. తొమ్మిది కుట్లకోసారి ఆ మోత చిన్నగా తడబడుతోంది. ప్రపంచంలో అలా తడబడే కుట్టుమిషను ఒక్కటే ఉంది, అది ఆమె కాళ్ళ ముందే ఉంది. దాని బెల్టు ఒకచోట అరిగి ఆరేళ్ళయింది. కిందటేడు గబ్బిలం వచ్చి ఫోను మిషను పక్కన పెట్టి, "ఊరికే అక్కా, నువ్వు కుట్టుకో" అనడం గుర్తొచ్చింది. నాలుగో పాటలో కిర్రుమన్నది అటక తలుపు. ఆరో పాట చివర దగ్గింది నాన్న. ఇంట్లో తలుపుకి చోటుంది, మిషనుకి చోటుంది, నాన్న దగ్గుకి కూడా చోటుంది. తనకే లేదు.

గురువారం ఇల్లంతా ఒకే ఫోను ముందు చేరింది. గబ్బిలం ఇంటర్వ్యూ. అడిగే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి మాట్లాడుతోంది.

"జానపదం, ఎలక్ట్రానిక్, హెవీ మెటల్, ఈ మూడింటినీ ఒక పాటలో ఎలా ఇమిడ్చారు? ముఖ్యంగా ఆ మొదటి మాట. కాటికెళ్ళే చిన్నదానా! ఆ కాలం ఆడవాళ్ళు చావుతో ఇంత చనువుగా మాట్లాడారంటే..."

"మా అమ్మమ్మ పాటండీ" అంది గబ్బిలం నెమ్మదిగా. "ఆవిడకి వాళ్ళ అమ్మ నేర్పింది."

పిన్ని కళ్ళు తుడుచుకుంది. నాన్న తన దగ్గు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. జిప్పులక్క ముక్కుతో ఒక శబ్దం చేసింది.

"ఏంటే?" అంది అమ్మ.

"ఏం లేదు. చావుతో చనువట. చెవిలో గుబిలి అనమను."

"చెల్లెలు పైకొస్తుంటే సంతోషించక, కడుపుమంటా?"

"మంటే. నాకుండకూడదా?" అని లేచి, తాగని టీ అక్కడే వదిలేసి దుకాణానికి వెళ్ళిపోయింది. దారిలో ఎదురైన ముగ్గురు "మీ చెల్లెలు ఏం పాడిందండీ!" అన్నారు. మూడుసార్లూ నవ్వింది. మూడోసారికి దవడ నొప్పి పుట్టింది.

మర్నాడు పొద్దున గబ్బిలమే దుకాణం ముందు దిగింది. చేతిలో సంచి, సంచిలో ఆల్బమ్ అట్ట మీది నల్ల గౌను. శనివారం సాయంత్రం దాని మొదటి పెద్ద కచేరీ.

"అక్కా, కొంప మునిగింది. జిప్పు ఊడిపోయింది. రిహార్సల్లో గట్టిగా ఊపిరి తీసుకున్నా, అంతే, రన్నరు ఎగిరి డ్రమ్ముల వాడి మీద పడింది."

"నీ అంత పేరున్నవాళ్ళకి పెద్ద పెద్ద టైలర్లు ఉండాలే?"

"ఉన్నారు. వాళ్ళు కుట్టిందే ఊడింది."

జిప్పులక్క గౌను తిప్పి చూసింది. జిప్పు మంచిదే. కొలత తప్పు. నిలబెట్టి, మాట్లాడనివ్వకుండా కొలిచి ఉంటారు. పాడే మనిషికి అలా కొలిస్తే ఎలా?

"చేతులెత్తు" అని టేపు గబ్బిలం పక్కటెముకల చుట్టూ బిగించింది. "పాడు."

"ఇక్కడా? ఏం పాడను?"

"కొలత కోసం. నీకు బాగా వచ్చిందే పాడు."

గబ్బిలం ఊపిరి పీల్చింది. టేపు జిప్పులక్క వేళ్ళ మధ్య నుంచి జారింది. అంగుళం, అంగుళంన్నర, రెండు. సన్నటి మనిషి, అంత గాలి ఎక్కడ దాచుకుంటుందో. గొంతు బయటికి రాకముందే అది ఎముకల్లో మోగడం వేళ్ళకి తెలిసింది. ఇదన్నమాట దీని దగ్గరున్నది, నా దగ్గర లేనిది, అనుకుంది. టేపు ఇంకొంచెం బిగించాలనిపించింది.

"కాటికెళ్ళే చిన్నదానా..."

"కాటుక కళ్ళ" అంది జిప్పులక్క.

పాట ఆగింది. టేపు రెండంగుళాలు వెనక్కి వచ్చింది. గోడ అవతల బాబాయ్ చేతిలోని స్క్రూడ్రైవరు చప్పుడు కూడా ఆగింది.

"అసలు మాట అదీ. అమ్మమ్మ ఏ కాటికీ ఎవర్నీ పంపలేదు. నీకు గుర్తుండదులే, నీకప్పుడు మూడేళ్ళు."

గబ్బిలం చేతులు దించింది. "నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"అమ్మమ్మే చెప్పింది. పోవడానికి ముందు సంవత్సరం. నేను పాడుతుంటే, 'ఇంకా ఆ దొంగ పాటే పాడుతున్నావా, మీ అక్క నిన్ను చెడగొట్టింది' అని నవ్వింది."

జిప్పులక్క టేపును మెడలో వేసుకుంది. తెలియక చేసిందేమోనని ఇప్పటిదాకా ఒక మూల చిన్న ఆశ ఉండేది. అదీ పోయింది.

"తెలిసీ అమ్మమ్మ పాటని చెప్పావా?"

"తొమ్మిదేళ్ళ పిల్ల తప్పు విన్నదంటే ఎవరు వింటారక్కా? పాతదంటే నోరు తెరుచుకుని వింటారు. అయినా నీ గురించి చెబితే నిన్ను చూసి నవ్వుతారు. నీకు నలుగురు నవ్వితేనే మెట్ల కిందికి..."

"నన్ను అడ్డం పెట్టుకోకు." జిప్పులక్క గొంతు పెరిగింది. ఆ గదిలో ఆ గొంతు అంత పెరగడం అదే మొదలు. "నవ్వితే నవ్వనీ. వాళ్ళు నవ్వేది నన్ను కదా, నీకేం? నీకు గొంతుంది, గిటారుంది, వీపు చూపిస్తే అట్ట మీద బొమ్మేస్తారు. నా మిషను తీసుకున్నావు, సరే. మా నాన్న దగ్గు తీసుకున్నావు. ఈ జన్మకి నేను సొంతంగా కట్టింది ఒక్కటే మాట, అదీ పొరపాటున కట్టింది. దాన్ని తీసుకెళ్ళి చచ్చిపోయిన అమ్మమ్మ చేతిలో పెట్టావు. నా తప్పు నాకిచ్చెయ్."

గబ్బిలం కొలతబల్ల మీది సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పింది. దాని నల్ల చొక్కా చేతి మీద తెల్లగా గీత పడింది.

"రేపు మధ్యాహ్నానికి కావాలక్కా గౌను" అంది చివరికి.

"ఇస్తాలే. నేను మాట తప్పను."

గబ్బిలం వెళ్ళిపోయాక గోడ అవతలి నుంచి బాబాయ్ నెమ్మదిగా అడిగాడు. "అమ్మాయ్, నిజంగా నీ పాటేనా అది?"

"నీ ఫోను నువ్వు చూసుకో బాబాయ్."

ఆ సాయంత్రం పాత జిప్పు పీకేసి, పక్కల్లో రెండంగుళాల గుడ్డ వదిలి, కొత్త జిప్పును కచ్చా కుట్టుతో నిలబెట్టింది. కచ్చా కుట్టంటే గుడ్డ కదలకుండా ముందుగా వేసే వదులు కుట్టు. అసలు కుట్టు పడ్డాక దాన్ని పీకేస్తారు. అక్కడ ఆమె చెయ్యి ఆగింది. దీని మీద అసలు కుట్టు వేయకపోతే ఎవరికీ తెలియదు. తొడుక్కుంటే నిలుస్తుంది. నిలబడితే నిలుస్తుంది. మొదటి పాట నిలుస్తుంది, రెండోదీ నిలుస్తుందేమో. మూడో పాటలో గబ్బిలం ఆ రెండంగుళాల ఊపిరి తీసుకున్నప్పుడు నడిమధ్య నుంచి పుటుక్కున, అంతమంది ముందు... ఊహించుకుంది. చాలా హాయిగా ఊహించుకుంది. ఆ హాయికి తనకే కాస్త భయం వేసింది.

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. జిప్పు ఊడితే గబ్బిలాన్ని ఎవరంటారు? పాపం అంటారు. జిప్పు వేసిందెవరు అని అడుగుతారు. పాటలో లేని తన పేరు, సరిగ్గా అక్కడ బయటికొస్తుంది.

"ఆ పప్పులేం ఉడకవు" అని మిషనుతో అంది. ఒక కుట్టు చాలిన చోట రెండు వేసింది. తొమ్మిదింటికోసారి మిషను తడబడింది. ఇద్దరమూ ఆల్బమ్‌లో ఉన్నామే అన్నట్టు దాని వైపు చూసింది. కాదు, అదొక్కటే ఉంది.

దీపం తీసేముందు టేపు తన చుట్టూ చుట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. అంగుళం పావు.

శనివారం గౌను తీసుకెళ్ళడానికి పిన్ని వచ్చింది. కచేరీకి రమ్మని బతిమాలింది. జిప్పులక్క పనుందంది. పనేం లేదు, ఉన్న పనంతా ముందే అయిపోయింది.

ఆదివారం పొద్దున దుకాణం తెరవకముందే బాబాయ్ కేకేశాడు. ఆయన చేతిలో ఎవరిదో బాగుచేసిన ఫోను, తెర మీద కచేరీ. "రావే తల్లీ, రా! చూడు!"

జిప్పులక్క ముందు జిప్పు చూసింది. గబ్బిలం వెనక్కి తిరిగినప్పుడల్లా అది స్కేలు పెట్టి గీసినట్టుంది. ఒక్క ముడత లేదు. తర్వాతే మనిషిని చూసింది.

మొదటి పాటకు ముందు గబ్బిలం గిటారు కింద పెట్టి మైకు దగ్గరికి వచ్చింది.

"ఈ పాట గురించి మొన్న ఒక అబద్ధం చెప్పాను. పాట మా అమ్మమ్మదే. కానీ ఆవిడ పాడింది కాటుక కళ్ళ చిన్నదానా అని. ఆవిడకి పళ్ళు లేవు. మా అక్కకి తొమ్మిదేళ్ళు. అది కాటికెళ్ళే అని విన్నది."

జనం గొల్లుమన్నారు. జిప్పులక్క మెడ వెనక చెమట పట్టింది. ఆ నవ్వు ఆమెకు తెలిసిన నవ్వే. కాళ్ళు వెనక్కి లాగాయి గానీ, మెట్ల కిందకి పోదామంటే ఉన్నదే అక్కడ.

"నవ్వండి, మా ఇంట్లో కూడా నవ్వారు" అంది గబ్బిలం. "నేను మాత్రం నిద్రపోయాను. అక్క దుప్పట్లో దూరి నా చెవిలో ఆ తప్పు పాడేది. నేనిప్పటిదాకా రాసినవన్నీ ఆ తప్పులోంచే వచ్చాయి. ఈ ఆల్బమ్‌లో టకటకమనేది దాని మిషను. ఈ గౌను ఊడకుండా ఉన్నది దాని చేతిపని. నా తప్పు నాకిచ్చెయ్ అంది నిన్న. అక్కా, తీసుకో."

తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఎంతకీ ఆగవే. బాబాయ్ కూడా భూతద్దం నెత్తి మీదికి తోసి, ఫోను బల్లకి ఆనించి చప్పట్లు కొట్టాడు.

"అమ్మాయ్! విన్నావా? నీ గురించే!"

జిప్పులక్క విన్నది. ప్రతి మాటా విన్నది. తప్పు తిరిగొచ్చింది. అడిగింది అడిగినట్టు, అంతమంది సాక్షిగా వచ్చింది. కానీ ఆ చప్పట్లు ఎటు వెళుతున్నాయో కూడా కళ్ళప్పగించి చూసింది. అవి మెట్ల కింద గదికి రావడం లేదు. తెర మీద, దీపాల కింద, కళ్ళు తుడుచుకుంటున్న గబ్బిలం మీద పడుతున్నాయి. తన తప్పును తనకంటే అదే బాగా చెప్పింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికింది. ఇదే మాట తను ఆ మైకు ముందు చెప్పి ఉంటే నాలుగు ముక్కలు కూడా పెగిలేవి కావు.

"దీని దుంప తెగ" అంది జిప్పులక్క. అనేసరికి నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు కళ్ళల్లోకి నీళ్ళు కూడా వస్తుంటే, గబుక్కున దుకాణంలోకి వెళ్ళి తలుపు సగం వేసుకుంది.

ఆ వారం బేరాలు పెరిగాయి. జిప్పులు బాగున్నవాళ్ళు కూడా జిప్పులు తెచ్చారు. ఒకావిడ సంచి బల్ల మీద పెట్టి, చాలా తెలిసినదానిలా, "అసలు మాట కాటుక కళ్ళ అట కదండీ, పాపం మీరు తప్పు విన్నారట" అంది.

"కాటుక కళ్ళ మా అమ్మమ్మది" అంది జిప్పులక్క, జిప్పు తడుముతూ తలెత్తకుండా. "నాది కాటికెళ్ళే. మీరు ఆల్బమ్ కొన్నది నాదాని కోసమే."

ఆవిడ వెళ్ళాక, గోడ అవతల ఒక ఫోను బతికింది. గబ్బిలం గొంతు వచ్చింది. జిప్పులక్క తలుపు వైపు ఒకసారి చూసి, టేపు తన చుట్టూ చుట్టుకుంది. దానితోపాటే, దానికంటే కొంచెం ముందుగా, పాడింది.

అంగుళంన్నర.